ముక్కలుగా చూసిన మనిషి: ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రంలో తీర్పు, పరివర్తన, ప్రత్యభిజ్ఞ

ఉపోద్ఘాతం

ఒక మనిషి మారాడని ఎప్పుడు అంటాం? ఆ మాట అనే అధికారం ఎవరిది? మారినవాడు తన పాత పనులకు బాధ్యుడా, కాడా? నీతిశాస్త్రంలో ఇవి చాలా పాత ప్రశ్నలు. సాహిత్యం వీటికి నేరుగా సమాధానం చెప్పదు. ఒక మనిషిని మన ముందు నిలబెట్టి, అతని గురించి మనచేత ఒక అభిప్రాయం ఏర్పరచి, ఆ అభిప్రాయాన్ని మనమే తిరిగి పరీక్షించుకొనే స్థితికి తెస్తుంది. తెలుగులో ఇటీవలి కాలంలో ఈ పనిని నిబ్బరంగా చేసిన కథనాల్లో వెంకటేశ్ మహా దర్శకత్వంలో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఒకటి. 2018 సెప్టెంబర్ 7న విడుదలైన ఈ చిత్రం ఆయనకు మొదటిది. అమెరికాలో వైద్యవృత్తిలో ఉన్న ప్రవీణ పరుచూరి దీనిని నిర్మించారు. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే చిత్రీకరించారు. అదే సంవత్సరం న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శితమైంది.

ఈ చిత్రాన్ని నాలుగు ప్రేమకథల సంపుటిగా, ప్రాంతీయ జీవిత చిత్రణగా చూడడం పరిపాటి. ఆ రెండు దృష్టులూ సరైనవే. అయితే దీని నిర్మాణంలో ఒక నైతిక వాదం కూడా ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఇతరుల తీర్పు సాధారణంగా అబద్ధం కావడం వల్ల అన్యాయం కాదు. ఒక కాలఖండంలో కనిపించినదాన్ని మొత్తం మనిషిగా నిలబెట్టడం వల్ల అన్యాయం అవుతుంది. ఈ వాదాన్ని పాత్రల మాటల్లో కాక ప్రేక్షకుని అనుభవంలో స్థాపించడం ఈ చిత్రం ప్రత్యేకత. ఆ వాదం ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ తన పరీక్షకు తానే తట్టుకోలేకపోయింది అన్నవి ఇక్కడ పరిశీలించే అంశాలు.

నాలుగు పేర్లు, ఒక మనిషి

చిత్రంలో నాలుగు కథలు పక్కపక్కనే నడుస్తాయి. బడిలో చదివే సుందరం తోటి విద్యార్థిని సునీతను ఇష్టపడతాడు. ఆ అమ్మాయి దూరమైనప్పుడు అతనికి దేవుడి మీద కలిగిన కోపం, తన తండ్రి చేతుల మీదుగా రూపుదిద్దుకున్న వినాయక విగ్రహం మీదికి మళ్ళుతుంది. ఆ తరువాత తండ్రి ఆత్మహత్య చేసుకుంటాడు. రెండో కథలో జోసెఫ్ అనే యువకుడు మరొకరి తరఫున మనుషులను కొట్టే పనిలో ఉంటాడు. భార్గవి అనే బ్రాహ్మణ యువతి అతణ్ణి నిలదీస్తుంది, ఆ తరువాత ప్రేమిస్తుంది. తండ్రి బెదిరింపుకు తలవంచి మరొకరిని పెళ్ళాడుతుంది. మూడో కథలో మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, రోజూ ముఖం కప్పుకొని వచ్చే సలీమా కళ్ళను చూసి ప్రేమిస్తాడు. ఆమె పడుపువృత్తిలో ఉందని తెలిసిన తరువాత కూడా పెళ్ళాడాలనే కోరుకుంటాడు. ఆమె హత్యకు గురవుతుంది. నాలుగో కథలో నలభై తొమ్మిదేళ్ళ అవివాహితుడైన అటెండరు రాజు, ఒడిశా నుంచి అదే కార్యాలయానికి అధికారిణిగా వచ్చిన రాధ దగ్గరవుతారు. ఆమె వితంతువు, ఎదిగిన కూతురు ఉంది.

చివర్లో రాజు రాధకు తన గతాన్ని చెప్పుకుంటున్నప్పుడు ప్రేక్షకునికి అసలు విషయం తెలుస్తుంది. సుందరం, జోసెఫ్, గడ్డం వేర్వేరు మనుషులు కారు. ముగ్గురూ రాజే. ఒక్కొక్క వయసులో ఒక్కొక్క పేరు. నాలుగు కథలు నిజానికి ఒకే జీవితపు నాలుగు దశలు.

దీనిని కేవలం ఒక కథనచమత్కారంగా తీసుకొంటే చిత్రం అక్కడితో ముగుస్తుంది. కాని అంతవరకూ ప్రేక్షకుడు చేస్తూ వచ్చిన పనిని గుర్తుచేసుకుంటే వేరే సంగతి బయటపడుతుంది. జోసెఫ్‌ను చూసి మనం ఒక రౌడీ కుర్రవాడనుకున్నాం. గడ్డాన్ని చూసి సారా దుకాణంలో పనివాడనుకున్నాం. రాజును చూసి మెత్తని మనిషి, జీవితంలో ఏమీ జరగనివాడు అనుకున్నాం. ఇవేవీ పూర్తిగా తప్పులు కావు. ఆ క్షణానికి అందిన సాక్ష్యంతో చేసిన సరైన ఊహలే. అయినా అవి కలిసి ఒక మనిషిని తయారుచేయలేకపోయాయి. రాజును ‘ఏమీ జరగనివాడు’గా చూసిన కంచరపాలెం ఎంత తప్పు చేసిందో, ప్రేక్షకుడు అంతే తప్పు చేశాడు. పాలెం మీద నవ్వుకున్న ప్రేక్షకుడు చివరికి తానూ ఆ పాలెంవాడేనని తెలుసుకుంటాడు.

తీర్పును మోసే మూడు విధాలు

రాజుకు నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళి కాకపోవడం పాలెంలో చర్చనీయాంశం. అతని మగతనాన్ని శంకించే దాకా ఆ చర్చ వెళుతుంది. పదిమందీ కూడి అతణ్ణి అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక ద్వేషం లేదు. కొంత ఆదరం కూడా ఉంది. తీర్పులోని ప్రమాదం ఇక్కడే ఉంది. ద్వేషంతో వేసిన ముద్రను మనిషి ఎదిరించగలడు. ఆత్మీయంగా, చనువుగా, రోజూ పలకరింపులో భాగంగా వేసిన ముద్రను ఎదిరించడం కష్టం.

తెలుగు నవల ఈ స్థితిని ఎరుగనిది కాదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి మీద పడిన ముద్ర అతని పనుల వల్ల వచ్చింది కాదు. తల్లి నడవడి గురించి లోకం చెప్పుకున్న మాటలు కొడుక్కి వారసత్వంగా సంక్రమించాయి. ఎక్కడికి వెళ్ళినా అతనికంటే ముందు ఆ మాట వెళుతుంది. ఇది వారసత్వపు తీర్పు. విశాఖలో న్యాయవాదిగా జీవించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యది మరొక స్థితి. అతణ్ణి చిన్నబుచ్చేవాళ్ళు బయట ఉన్న మాట నిజమే. అయితే వాళ్ళు ఎదుట లేనప్పుడు కూడా సుబ్బయ్య మనసులో విచారణ సాగుతూనే ఉంటుంది. తనను తాను అల్పుడుగా చూసుకోవడం అతనికి అలవాటైపోయింది. న్యాయమూర్తి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఇది అంతర్గతమైన తీర్పు.

రాజు ఈ ఇద్దరికీ భిన్నం. దయానిధిలా అతడు తీర్పు నుంచి తప్పించుకొని తిరగడు. సుబ్బయ్యలా దానిని తనలోకి తీసుకోడు. దానికి సమాధానం చెప్పకుండా ఉండిపోతాడు. అతని మౌనాన్ని అమాయకత్వంగానో, చేతకానితనంగానో చూసే అవకాశం మొదట ఉంటుంది. చివరి మలుపు తరువాత ఆ మౌనానికి అర్థం మారుతుంది. పాలెం అడిగిన ప్రశ్న అవునో కాదో తేల్చేది. అతని దగ్గర ఉన్న సమాధానం ఒక తండ్రి మరణం, ఒక ప్రేయసి దూరం కావడం, మరొక ప్రేయసి హత్య కలిసిన దీర్ఘమైన కథ. అవును, కాదు అనే గడిలో ఆ కథ పట్టదు. కనుక అతని మౌనం సమాధానం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ప్రశ్న చిన్నది కావడం వల్ల వచ్చింది.

జాఁ పాల్ సార్త్ర్ 1943లో ప్రచురించిన ‘సత్త-శూన్యత’ గ్రంథంలో తలుపు సందులోంచి లోపలికి తొంగిచూస్తున్న మనిషిని ఉదాహరణగా తీసుకున్నాడు. అడుగుల చప్పుడు వినపడగానే అతడు తనను మరొకరు చూస్తున్నారని గ్రహించి సిగ్గుపడతాడు. ఆ క్షణంలో అతడు ఇతరుల కంటికి ఒక వస్తువుగా గడ్డకట్టిపోతాడు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో కళంకాన్ని గురించి రాసిన గ్రంథం దీనినే సామాజిక స్థాయిలో వివరించింది. ఒక లక్షణం మిగిలిన లక్షణాలన్నింటినీ కప్పివేసి మనిషికి మారుపేరు అవుతుంది. కంచరపాలెంలో ‘పెళ్ళికాని’ అన్న విశేషణం రాజుకు అటువంటిదే. అయితే సార్త్ర్ విశ్లేషణలో చూపు క్షణికం, చూసేవాడు అపరిచితుడు. మన పాలేల్లో చూపు దీర్ఘకాలికం, చూసేవాడు వరసైనవాడు. సార్త్ర్ మనిషి ఆ గది వదిలి వెళ్ళిపోగలడు. రాజు మరునాడు ఉదయం మళ్ళీ అదే వీధిలో నడవాలి.

చిరునామాగా మనిషి

చిత్రం పేరులోని ‘కేరాఫ్’ అన్న మాటను ఇక్కడ గమనించాలి. ఉత్తరం మీద ఆ మాట రాసినప్పుడు, చేరవలసిన వ్యక్తికి సొంత చిరునామా లేదనీ, మరొకరి ద్వారా అతనికి అందుతుందనీ అర్థం. రాజు ఎవరో తెలియాలంటే కంచరపాలెం ద్వారానే తెలియాలి. పాలెం అతణ్ణి పట్టి ఉంచుతుంది, కాపాడుతుంది, అదే సమయంలో అతని గురించిన మాటలను తన అధీనంలో ఉంచుకుంటుంది. ఆదరణ, అధీనం అనే రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి.

విశాఖ నేపథ్యం ఈ అర్థాన్ని బలపరుస్తుంది. 1933లో ఓడరేవు ప్రారంభమైన తరువాత, 1966 నాటి ఉద్యమం ఫలితంగా ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత, ఈ నగరం నలుదిక్కుల నుంచి వచ్చినవాళ్ళకు పని ఇచ్చింది. పల్లెలో ఒక కులపు పేరుతో పిలిపించుకున్నవాడు ఇక్కడ గేటు పాసు మీది సంఖ్యగా, షిఫ్టు పేరుగా, మరొక పిలుపుగా బతకగలిగాడు. నగరం ఇచ్చే స్వేచ్ఛల్లో అపరిచితుడిగా ఉండగలగడం ఒకటి. అయితే రైలుమార్గానికీ పారిశ్రామిక వాడకూ సమీపంలో ఉన్న కంచరపాలెం వంటి పాత పేటలు నగరంలో కలిసినా పల్లె చూపును వదులుకోలేదు. పేరులోనే కంచరపని ఆనవాలును మోస్తున్న ఆ పాలెంలో ఎవరి కొడుకు ఎవరో, ఎవరింటికి ఎవరు వచ్చారో అందరికీ తెలుసు. ఒకే మనిషి అటు నగరపు మార్పుకూ, ఇటు పాలెపు జ్ఞాపకానికీ లోబడి ఉంటాడు. నాలుగు పేర్లు సాధ్యమైనది ఈ నగరం వల్ల. ఒక్క ముద్ర మిగిలినది ఆ పాలెం వల్ల.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఒకే పాలెంలో ఎదిగినవాడి గతం ఆ పాలేనికి తెలియకుండా ఉంటుందా? విగ్రహం పగలగొట్టిన పిల్లవాణ్ణీ, తగాదాల్లో దెబ్బలు కొట్టిన జోసెఫ్‌నూ అక్కడివాళ్ళు మరచిపోయారా? కథాసంభావ్యత దృష్ట్యా ఇది సమంజసమైన ప్రశ్న. నైతిక దృష్ట్యా మాత్రం దీనికి ఒక సమాధానం ఉంది. సంఘటనలు తెలిసి ఉండడం వేరు, వాటిని ఒక మనిషికి చెందిన కథగా కలిపి చూడడం వేరు. ఊరిలో ప్రతి ఇంటి గురించీ పది ముక్కలు తెలిసినవాళ్ళు ఉంటారు. ఆ పది ముక్కలను పక్కపక్కన పెట్టి, ఇన్ని అనుభవించినవాడు ఇప్పుడు ఇలా ఉన్నాడు అని ఆలోచించేవాళ్ళు అరుదు. సమాచారం ఎక్కువై అవగాహన తక్కువైన స్థితి అది.

అతడే ఇతడా?

మారిన మనిషి, మారక ముందున్న మనిషి ఒకరేనా అన్న ప్రశ్నకు మన శాస్త్ర సంప్రదాయం రెండు ప్రసిద్ధమైన సమాధానాలు ఇచ్చింది. వేదాంత గ్రంథాల్లో దేవదత్తుని ఉదాహరణ తెలిసిందే. అప్పుడు అక్కడ చూసిన దేవదత్తుడే ఇప్పుడు ఇక్కడ కనిపిస్తున్నాడని గుర్తిస్తాం. అప్పటి కాలం, ఇప్పటి కాలం పరస్పరం విరుద్ధం. ఆ విరుద్ధాంశాలను విడిచిపెట్టి, రెండింటిలో ఉన్న వ్యక్తిని మాత్రమే గ్రహించడాన్ని భాగత్యాగలక్షణ అంటారు. ఈ పద్ధతిలో ఐక్యం సిద్ధించాలంటే కాలమూ, దేశమూ, అవస్థా పక్కకు తొలగాలి.

రెండో సమాధానం బౌద్ధానిది. బావికొండ, తొట్లకొండ వంటి బౌద్ధ ఆరామాల శిథిలాలున్న విశాఖ తీరానికి ఆ ఆలోచన పరాయిది కాదు. ‘మిలిందపన్హ’లో రాజు మిలిందునికీ భిక్షువు నాగసేనునికీ జరిగిన సంవాదంలో దీపం ఉదాహరణ వస్తుంది. రాత్రి మొదటి జామున వెలిగిన జ్వాల, చివరి జామున వెలిగే జ్వాల ఒకటే అనడానికి లేదు, వేరే అనడానికీ లేదు. అవిచ్ఛిన్నమైన ధార మాత్రం ఉంది. అదే గ్రంథంలో మామిడిపండ్ల దొంగ వాదం మరింత ఆసక్తికరం. తోటవాడు నాటిన పండు వేరు, తాను కోసిన పండు వేరు, కనుక తాను దొంగ కాదని అతడు వాదిస్తే చెల్లదు. ఆ పండు నుంచే ఈ పండు పుట్టింది. శాశ్వతమైన ఆత్మ లేదన్నంత మాత్రాన బాధ్యత తెగిపోదని నాగసేనుడు ఆ విధంగా నిరూపించాడు.

పాశ్చాత్య చింతనలో జాన్ లాక్ 1694లో వెలువరించిన తన గ్రంథం రెండో ముద్రణలో వ్యక్తి ఐక్యానికి జ్ఞాపకమే ఆధారమన్నాడు. పాల్ రికర్ 1990లో, మారకుండా ఉండే లక్షణాల ఏకత్వాన్నీ, మాట నిలబెట్టుకొనే మనిషి ఏకత్వాన్నీ వేరుచేసి, ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కథనం పూరిస్తుందని ప్రతిపాదించాడు. మనిషి తన జీవితాన్ని చెప్పుకోగలిగినప్పుడే తాను ఒకడినని చెప్పగలడు.

‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ సమాధానాల్లో దేనిని ఆశ్రయించింది? దేవదత్తుని పద్ధతిలో విరుద్ధాంశాలను తొలగిస్తే సుందరం కోపం, జోసెఫ్ హింస, గడ్డం పనిచేసిన దుకాణం అన్నీ తొలగిపోయి ఒక నిరుపాధిక రాజు మిగలాలి. చిత్రం అలా చేయలేదు. నాలుగు దశలకు నాలుగు పేర్లు, వేర్వేరు ముఖాలు, వేర్వేరు నటులు. భేదాన్ని కంటి ముందు నిలిపి ఉంచింది. అలాగని ఆ నలుగురూ వేరే అని కూడా అనలేదు. తండ్రి మరణం జరిగిన చోటి నుంచే మిగిలిన జీవితం మొలిచింది. మామిడి టెంక నుంచి చెట్టు మొలిచినట్టు. ఆ విధంగా ఈ చిత్రం నాగసేనుని ధారకూ, రికర్ కథనానికీ దగ్గరగా ఉంది. ధార ఉంటే చాలదు. దానిని ఎవరో ఒకరు చెప్పాలి, ఎవరో ఒకరు వినాలి. ప్రత్యభిజ్ఞ ఇక్కడ జ్ఞానవ్యాపారం మాత్రమే కాదు, ఇద్దరి మధ్య జరిగే నైతిక సంఘటన.

బాహుకుని పోలిక

తెలుగు కావ్యపాఠకునికి ఇక్కడ నలోపాఖ్యానం గుర్తుకు రాక మానదు. నన్నయ అరణ్యపర్వంలో తెనిగించిన ఆ కథలో కర్కోటకుని కాటుతో రూపం మారిన నలుడు, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో వంటవాడుగా, సారథిగా బతుకుతాడు. లోకానికి కురూపి అయిన సేవకుడు. దమయంతి మాత్రం రూపాన్ని నమ్మలేదు. చెలికత్తె కేశినిని పంపి అతని మాటలనూ నడవడినీ పరిశీలింపజేసింది. అతడు వండినదాన్ని రుచి చూసింది. అతని ముందుకు పిల్లలను పంపింది. ముఖంలో కనిపించని మనిషిని పనిలో, మాటలో, కన్నీటిలో వెతికి పట్టుకుంది. తీర్పుకూ ప్రత్యభిజ్ఞకూ ఉన్న తేడాకు ఇంతకంటే మంచి దృష్టాంతం మన వాఙ్మయంలో అరుదు. తీర్పు చూసి ఆగుతుంది. ప్రత్యభిజ్ఞ వెతుకుతుంది.

రాజు కథకూ బాహుకుని కథకూ రెండు భేదాలు ఉన్నాయి. నలుని మార్పు పైనుంచి వచ్చిపడింది. సమయం వచ్చినప్పుడు అతడు పూర్వరూపాన్ని తిరిగి పొందాడు. రాజు మార్పు తిరిగి విప్పగలిగింది కాదు. అతడు సుందరం రూపానికి వెళ్ళలేడు. పరివర్తన అంటే మరుగున పడిన అసలు రూపం బయటపడడమని పురాణకథ చెబుతుంది. అసలు రూపమంటూ ఏదీ లేదనీ, గడిచిన రూపాలన్నింటినీ మోస్తూ నిలబడడమే పరివర్తన అనీ ఈ చిత్రం చెబుతుంది.

రెండో భేదం మరింత ముఖ్యం. దమయంతి ఇంతగా వెతికి గుర్తించిన నలుడే, గుర్తింపు పొందిన వెంటనే రెండో స్వయంవరం ప్రకటించినందుకు ఆమెను శంకిస్తాడు. ఆమె నిర్దోషిత్వానికి వాయుదేవుడు సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. తీర్పుకు గురైన పురుషుడు మరుక్షణమే స్త్రీ మీద తీర్పరి కాగలిగాడు. గడ్డం ఆ పని చేయలేదు. సలీమా వృత్తి తెలిసిన తరువాత అతడు ఆమె దగ్గర సాక్ష్యం అడగలేదు. అంతకుముందు తాను ఎన్ని పేర్లతో, ఎన్ని నిందలతో బతికాడో ప్రేక్షకునికి అప్పటికి తెలియదు. తెలిసిన తరువాత ఆ అడగకపోవడం ఔదార్యంగా కాక అనుభవంగా కనిపిస్తుంది.

బాధ్యత మిగులుతుందా?

తీర్పును విమర్శించే ఏ వాదానికైనా ఒక ప్రమాదం ఉంది. అందరి కథా వింటే అందరినీ క్షమించవలసి వస్తుందేమో. జోసెఫ్ చేతి దెబ్బలు తిన్నవాళ్ళ వైపు నుంచి చూస్తే, అతని బాల్యం ఎంత విషాదమైనా ఆ దెబ్బ దెబ్బే. కథ తెలియడం వల్ల గాయం మానదు. ఈ చిత్రం ఆ గాయపడినవాళ్ళ దగ్గరకు తిరిగి వెళ్ళదు. అది లోపమే.

అయితే సుందరం విషయంలో చిత్రం చూపిన నిగ్రహాన్ని గమనించాలి. పిల్లవాని చేత పగిలిన విగ్రహానికీ తండ్రి మరణానికీ మధ్య నేరసంబంధం లేదు. ఏ న్యాయస్థానమూ అతణ్ణి దోషి అనదు. అయినా ఆ భారం అతనిది. బెర్నార్డ్ విలియమ్స్ నైతిక అదృష్టాన్ని గురించి రాస్తూ, తన తప్పేమీ లేకుండా ఒక పిల్లవాని మరణానికి కారణమైన లారీ డ్రైవరును ప్రస్తావించాడు. ఆ డ్రైవరును అందరూ ఓదార్చాలి. కాని ఏ బాధా లేకుండా వెంటనే తేరుకుంటే అతనిలో ఏదో లోపించిందని అనుమానించాలి. దోషం లేని బాధ్యత ఒకటి ఉంటుంది. రాజు తన గతాన్ని సాకుగా ఎక్కడా వాడుకోలేదు. పాలెం అనుమానించినప్పుడు కూడా తన కష్టాలు ఏకరువు పెట్టి జాలిని కోరలేదు. కథ చెప్పడం వేరు, కథను అడ్డం పెట్టుకోవడం వేరు. ఈ భేదం నిలిచినంత వరకు ఆలకింపు క్షమాపణగా దిగజారదు. చేసిన పనిని పనిగానే తూచాలి. చేసిన మనిషిని ఆ ఒక్క పనితో ముగించరాదు.

చిత్రం తన పరీక్షలో తాను

ఈ ప్రమాణాన్ని చిత్రానికే వర్తింపజేసినప్పుడు రెండు ఇబ్బందులు ఎదురవుతాయి.

మొదటిది స్త్రీపాత్రలకు సంబంధించింది. రాజుకు నాలుగు దశలూ దక్కాయి. సునీత, భార్గవి, సలీమా ఒక్కొక్క దశలో మాత్రమే కనిపించి నిష్క్రమించారు. తండ్రి మాటకు తలవంచి పెళ్ళిచేసుకున్న భార్గవి ఆ తరువాత ఏమైందో, ఆమె ఏ పేరుతో ఎవరిగా మారిందో మనకు తెలియదు. ఒక కాలఖండంతో మనిషిని ముగించరాదని వాదించిన కథనం, ఈ ముగ్గురినీ ఒక్కొక్క కాలఖండంలోనే ముగించింది. అన్నింటికంటే బాధించేది సలీమా స్థితి. రాజు మీద వేసిన ముద్ర అవమానం మాత్రమే. దానిని ఓర్చుకొని నలభై తొమ్మిదేళ్ళ దాకా బతకగలిగాడు. సలీమా మీద వేసిన ముద్రకు ఫలితం ప్రాణం. తన కథ తాను చెప్పుకొనే వయసు ఆమెకు రాలేదు. విశాఖకు పొరుగున ఉన్న విజయనగరంలో గురజాడ మధురవాణిని సృష్టించి, 1909 నాటి ‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో సౌజన్యారావు పంతులు వంటి సంస్కర్త ఎదుట ఆమెను నిలబెట్టి మాట్లాడించాడు. తీర్పు చెప్పే పురుషుణ్ణే ఆమె ప్రశ్నకు గురిచేయగలిగింది. శతాబ్దం తరువాత వచ్చిన సలీమాకు కళ్ళు దక్కాయి కాని అంతటి వాక్కు దక్కలేదు. చెప్పుకోవడం వల్లనే మనిషి పూర్ణుడవుతాడని అంటే, చెప్పుకొనే అవకాశం ఎవరికి ఉంది అన్న ప్రశ్నను తప్పించుకోలేం. కథనం నైతిక సాధనమే. ఆ సాధనం అందరికీ సమానంగా పంచబడలేదు.

రెండో ఇబ్బంది ముగింపులోనే ఉంది. పెళ్ళి కాలేదని పాలెం రాజును శంకించింది. చిత్రం అతనికి పెళ్ళి చేసి ఆ శంకను తీర్చింది. సోదరుని అభ్యంతరాన్ని దాటి, ఎదిగిన కూతురు ఉన్న వితంతువుగా లోకం ఏమంటుందోనన్న వెరపును దాటి రాధ తీసుకున్న నిర్ణయం విలువైనది. అది ఆమె పరివర్తన. కాని రాజు వైపు నుంచి చూస్తే, పాలెం పెట్టిన పరీక్షలో అతడు ఉత్తీర్ణుడయ్యాడన్న భావం కలుగుతుంది. రాధ కంచరపాలేనికి రాకపోయి ఉంటే? అతడు ఒంటరిగానే మిగిలి ఉంటే? అతని గౌరవానికి ఏమాత్రమూ లోటు ఉండకూడదని ఈ చిత్రం వాదమే నిరూపిస్తుంది. అయినా కథ ఆ సాహసం చేయలేదు. ముద్ర తప్పని చూపడానికి ముద్రకు వ్యతిరేకమైన రుజువు తేవడం సులభమైన మార్గం. రుజువు అడిగే హక్కే పాలేనికి లేదనడం కష్టమైన మార్గం.

ఈ ఇబ్బందులు చిత్రం విలువను తగ్గించవు. అగ్రనటుల చిత్రాల్లో కథానాయకుడు ప్రవేశించే క్షణానికే సంపూర్ణుడు. అతని వయసు, దేహం, గతం ప్రేక్షకుని విచారణకు లోబడవు. అటువంటి అలవాటు ఉన్న తెరమీద మామూలు ముఖం, వంగిన నడక, అటెండరు ఉద్యోగం ఉన్న మనిషిని కేంద్రంలో నిలిపి, అతణ్ణి తక్కువగా అంచనా వేసిన మన చూపును మనకే చూపడం సామాన్యమైన పని కాదు. చిత్రాన్ని అది ఇచ్చిన కొలతతోనే కొలుస్తున్నాం కాబట్టే ఈ లోట్లు కనిపిస్తున్నాయి.

ముగింపు

పై చర్చ నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, వ్యక్తి మీద లోకం చేసే తీర్పులోని అన్యాయం ప్రధానంగా కాలానికి సంబంధించింది. అది ఒక దశను జీవితంగా భ్రమిస్తుంది. రెండు, పరివర్తన ఏకాంతంలో పూర్తయ్యే క్రియ కాదు. తన దశలన్నింటినీ దాచకుండా చెప్పగలిగిన మనిషి, వాటన్నింటినీ విని కూడా తొలగిపోని మనిషి ఉన్నప్పుడే అది సంపూర్ణం అవుతుంది. మూడు, ఆ చెప్పుకోగలిగే అవకాశం సమాజంలో విషమంగా పంపిణీ అయింది కాబట్టి, ప్రత్యభిజ్ఞను వ్యక్తిగత సద్గుణంగా మాత్రమే కాక న్యాయానికి సంబంధించిన ప్రశ్నగా కూడా పరిగణించాలి.

సాహిత్య విమర్శకు కూడా ఇందులో ఒక హెచ్చరిక ఉంది. పాత్రను ‘అసమర్థుడు’, ‘పతిత’, ‘ప్రతినాయకుడు’ అని వర్గీకరించడం మన పరిశోధనల్లో నిత్యకృత్యం. వర్గీకరణ లేకుండా శాస్త్రం సాగదు. అయితే వర్గీకరించిన తరువాత ఆ పాత్ర దగ్గర ఇంకేమీ వినవలసింది లేదనుకోవడం, పాలెం పంచాయతీ చేసిన పనినే పాదసూచికలతో సహా చేయడం అవుతుంది. పదిమందీ కూడి అడిగినప్పుడు రాజు నోరు విప్పలేదు. ఒక్కరు కూర్చొని వినడానికి సిద్ధపడినప్పుడు నలభై తొమ్మిదేళ్ళూ చెప్పాడు.